చెవులున్న నట్టు

దొంగలు మీరే! బండి ఎత్తుకుపోయేవాడిదేముంది, వాడు ఉన్న బండిని ఉన్నట్టే ఎత్తుకుపోతాడు. సరిచేస్తామని చంకలో పుస్తకం పెట్టుకుని వచ్చి, పుట్టినప్పటి నుంచి ఉన్నదాన్ని పీకి పారేసి, పుస్తకంలో ఉన్నదాన్ని బిగించి, మెత్తటి గుడ్డతో తుడిచి, మీకు మీరే చప్పట్లు కొట్టుకుంటారే, మీరు దొంగలు, పాత బండ్ల క్లబ్బు పెద్దమనుషుల్లారా, మీరు! దబ్బనం గొంతు చించుకుని అరిచింది. వినడానికి షెడ్డులో ఎవరూ లేరు. పైన రేకుల మీద వాన, మూలన కుట్టుమిషను, మధ్యలో అక్క బండి. ఎర్రటి, పొట్టి, రెండు సీట్ల బ్రిటిష్ కారు. గుండ్రటి దీపాలు రెండూ తెరుచుకుని, నన్నెందుకే తిడతావు అన్నట్టు చూస్తోంది. నిన్ను కాదులే తల్లీ, నువ్వేం చేశావు, తిట్లు తినాల్సినవాడు దారిలో ఉన్నాడు, వాన తగ్గితే వస్తాడు, తగ్గకపోయినా వస్తాడు, అసలుదేదో నకిలీదేదో తేల్చాలంటే ఆ మనిషి ఉప్పెనలో కూడా గొడుగు వేసుకుని వస్తాడు.

ఆ వచ్చేది బావ, అక్క మొగుడు. దుకాణంలో కళ్ళజోళ్ళు అమ్ముతాడు, క్లబ్బులో పరీక్షకులకు పెద్ద. ఏ బండి ముందు నిలబడినా మొదటి మాట "ఇది అసలుదేనా?" కాబట్టి క్లబ్బులో అందరూ వెనక నుంచి ఆయన్ని అసలాయన అంటారు, ముందు నుంచి సార్ అంటారు. ఈమెను దబ్బనం అన్నది ఆయనే. కారు సీట్లు కుడుతుంది కదా, తోలులో దిగే దబ్బనం చేతిలో ఒకటి, నోట్లో ఒకటి అని పెళ్ళి పందిట్లో అన్నాడు, ఆ పేరు అలాగే అతుక్కుపోయింది, ఇప్పుడు కరెంటువాడు కూడా దబ్బనంగారూ అని పిలుస్తాడు. పిలిస్తే పిలవనీ. మంచి పేరే. గుచ్చుకోకుండా కుట్టిన సూది ఎక్కడైనా ఉందా.

ఎడమ వెనక చక్రం పక్కన పీట వేసుకుని కూచుంది. ఒళ్ళో కొత్త నట్టు, చేతిలో రాగి సుత్తి. నట్టు బావ పంపిందే, కాగితంలో చుట్టి, బిడ్డకు స్నానం చేయించి పంపినట్టు నిగనిగలాడించి పంపాడు. నేనొచ్చేసరికి మార్చెయ్, రేపు పొద్దున ప్రదర్శన, పరీక్షకుల పెద్ద ఇంటి బండిలోనే తప్పుంటే నలుగురిలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను, అన్నాడు. నట్టు మాట ఆయన మొదటిసారి ఎత్తినప్పుడే అక్క ఒకే మాట అంది, అరవకుండా, కత్తిపీట పక్కన పెట్టి మరీ అంది. "ఆ నట్టు మార్చిన రోజు నుంచి ఆ బండి నాది కాదు. మీ క్లబ్బువాళ్ళనే తోలుకుపొమ్మను." అంతే, అప్పటి నుంచి ఆ ఇంట్లో గిన్నెలు మాట్లాడుకుంటున్నాయి, మనుషులు మాట్లాడుకోవడం లేదు. చక్కెర డబ్బా కావాలంటే బావ గోడతో చెబుతాడు, గోడ వింటుంది, అక్క వినదు. మొగుడూ పెళ్ళాల మధ్య దూరేవాడికి బుద్ధుండదంటారు. దూరింది ఎవరు? పని ఉందని బండి తెచ్చి నా షెడ్డులో పెట్టిందెవరు? సుత్తి నా చేతికిచ్చి ఇద్దరూ చెరో గదిలో కూచున్నారు, రోలు నాది, రోకలి నాది, తల నాది.

ఇంతకీ ఏముంది ఇందులో, చూసేవాడికి నవ్వొస్తుంది. ఈ బండ్లకు చక్రాలు సైకిలు చక్రాల్లా పుల్లలతో అల్లినవి, ఒక్కో చక్రాన్ని నడిమధ్యలో ఒక్క పెద్ద నట్టు పట్టుకుంటుంది. మొదట్లో ఆ నట్టుకు రెండు చెవులుండేవి, పక్కకు సాచి, పారిపోయే కుందేలు చెవుల్లా. ఊడదీయాలంటే ఆ చెవి మీద సుత్తితో ఒక్కటిస్తే చాలు. చూడ్డానికి ఎంత అందమో. తర్వాత ఎవరో చట్టం చేశారు, పక్కకు పొడుచుకొచ్చిన చెవులు దారిన పోయేవాళ్ళ కాళ్ళు చీరేస్తున్నాయని. దాంతో చెవులు కోసేశారు, ఎనిమిది పలకల గుండు నట్టు వచ్చింది, బిళ్ళలా చదునుగా. అక్క బండి చెవులు కోసేసిన తర్వాత సంవత్సరానిది. మూడు చక్రాలకు గుండు నట్లే ఉన్నాయి. ఈ నాలుగోదానికి, ఇదిగో ఈ ఎడమ వెనకదానికి, చెవులున్నాయి. బావ పుస్తకం తీస్తాడు, ఈ సంవత్సరానికి నాలుగూ గుండువే అంటాడు. అక్క అంటుంది, పుస్తకం సంగతి నాకు తెలీదు, నేను కొన్నప్పుడే ఇలా ఉంది. బావ నవ్వుతాడు, ఆ నవ్వే అక్కకు మంట. టైర్ల దుకాణంవాడు ఎప్పుడో మార్చి ఉంటాడోయ్, మీ అక్కకు నిన్న తిన్న కూర గుర్తుండదు, అప్పటి నట్టు గుర్తుంటుందా? మాట అలా జారింది. నట్టు మీద మొదలైన గొడవ కూర మీదికి వెళ్ళింది, కూర మీది నుంచి మాట మీదికి వెళ్ళింది. నా మాట నమ్మడు, అంది అక్క మొన్న ఫోనులో. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ వాసన చూశాడు కదే, నా బండి గురించి నన్ను ఒక్కసారి అడగలేదు, నాకే చెప్పాడు.

నాకే చెప్పాడు. ఆ మాట దబ్బనం చెవిలో అప్పటి నుంచి ఈగలా తిరుగుతోంది. వాన గట్టిపడింది. గట్టర్లోంచి నీళ్ళు డబ్బాలో పడుతున్న చప్పుడు, టకటక, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ప్లగ్గులు గుచ్చుతున్నట్టు. అక్క పని అదే కదా అప్పుడు, చెవులకు ఆ ఇనప బిళ్ళలు పెట్టుకుని, హలో నంబర్ ప్లీజ్, ఊరందరి మాటలూ కలిపింది, ఆమె మాట కలపడానికి ఇప్పుడు లైను దొరకడం లేదు. ఆ జీతంతోనే ఈ బండి కొంది. ఎంత గోల, అమ్మో. మేనత్త ముక్కు మీద వేలేసుకుంది, రెండే సీట్లుంటే పిల్లల్ని ఎక్కడ కూచోబెడతావే? అక్క అంది, ముందు మొగుణ్ణి ఎక్కడ కూచోబెట్టాలో తేలనీ అత్తా. ఆ తేలిన కథ అందరికీ తెలుసు, ప్రతి పెళ్ళిలో బావే చెబుతాడు, చేయి ఊపుతూ. ఈ కథలో దబ్బనం కూడా ఉంది, పొట్టి గౌను వేసుకుని, పక్క సీట్లో. మొదటి రోజు, షోరూము నుంచి తిన్నగా, అక్క నడుపుతుంటే చెల్లెలు పక్కన. కొత్త తోలు వాసన. అబ్బ, ఆ వాసన. సీటు అంచుకు తెల్ల పైపింగు పట్టీ, దాని మీద వేలితో గీస్తూ కూచుంది, కుట్టు ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ముగుస్తుందో వెతుక్కుంటూ. బతుకంతా ఆ కుట్టు మొదలే వెతుకుతోంది అనుకుంటే నవ్వొస్తుంది. బజారులో సన్నటి ఫుట్‌పాత్ పక్కన అక్క బండి ఆపింది. ఎదురుగా ఒక బక్క యువకుడు, తల నున్నగా దువ్వి, బండి ముందు నుంచి వస్తున్నాడు. బండినే చూశాడని ఆయన అంటాడు, నన్ను చూశాడని అక్క అంటుంది. బండి దాటుతూ కూడా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాడు. ఉన్నట్టుండి మనిషి లేడు. ఇంతకు ముందు తల ఉన్న చోట ఆకాశం ఉంది. తర్వాత కింది నుంచి అమ్మా అన్న కేక, అక్క తలుపు తీసుకుని పరుగెత్తడం, తల రుమాలు విప్పి కాలికి కట్టడం. చెల్లెలు దిగలేదు. పైపింగు వదిలి దిగడం ఇష్టం లేదు. లోపలి నుంచి అద్దంలో చూస్తే రుమాలు కొన ఒకటి ఎగురుతూ కనిపించింది, అంతే.

ఫోటోలుంటే గొడవే లేకపోయేది. ఉన్నాయి, అట్టపెట్టెడు ఉన్నాయి. పోయిన వారం అక్కాచెల్లెళ్ళిద్దరూ మంచం మీద పరుచుకుని చూశారు. కొండ దగ్గర బండి, నది ఒడ్డున బండి, ఆసుపత్రి ముందు బండి, అక్క ఒళ్ళో గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. ప్రతి ఫోటోలోనూ బావ! ప్రతి ఫోటోలోనూ ఎడమ వెనక చక్రం దగ్గరే, ఒక కాలు మడిచి, చేయి బండి మీద వేసి, సినిమా హీరోలా ఒరిగి నిలబడ్డాడు. మూడు చక్రాలు ఎక్కడో ఒకచోట కనబడతాయి, నాలుగోదాని ముందు ఎప్పుడూ ఈయన ప్యాంటే. ఆ ప్యాంటు ఫ్యాషన్లు మారాయి, బొంగులయ్యాయి, గొట్టాలయ్యాయి, నడుము పెరిగింది, చోటు మారలేదు. "సాక్ష్యాన్నే కప్పుకుని నిలబడ్డాడే నీ మొగుడు!" అంటే అక్క కోపంలో కూడా నవ్వేసింది, పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, అక్కడే ఎందుకు నిలబడతాడో తెలుసా, మొదట పడింది అక్కడే కదే, అంది. తర్వాత ముఖం తిప్పుకుంది. ప్రేమ ఉందే ఆ మనిషికి, నమ్మకమే లేదు, అంది.

సీటు వెనక్కి వాలి ఉంది, తోలుకు కొత్తగా పాలిష్ పెట్టింది తనే. ఈ సీటు విప్పినప్పుడు కూడా లోపల ఒక వింత చూసింది. అడుగు కుట్టు సగం దాకా నల్లదారం, అక్కడి నుంచి ముదురు గోధుమ రంగు. ఆ ఫ్యాక్టరీలో ఎవడో, లేదా ఎవతో, దారం రీలు అయిపోతే చేతికందింది ఎక్కించి కుట్టేసింది, ఇంటికెళ్ళే గంట కొట్టే వేళయి ఉంటుంది, పిల్లకు జ్వరమేమో, బస్సు పోతుందేమో. క్లబ్బువాళ్ళ మాట వింటే దాన్ని కూడా విప్పి నల్లదారంతో కుట్టాలి. కుట్టను పొమ్మంది. దారం అయిపోతే ఇంకో దారం ఎక్కించని కుట్టుపనివాళ్ళు ఈ లోకంలో పుట్టారా? పుస్తకాలు రాసేవాళ్ళకు డబ్బాలు ఖాళీ అవుతాయని తెలీదు. ఈ సంవత్సరం ఆఖరి రోజున పాత నట్లు మాయమై, మర్నాడు తెల్లారేసరికి కొత్త నట్లు పువ్వుల్లా పూస్తాయనుకుంటారు. బండ్లను చేసింది మనుషులు రా నాయనా, చేతులూ ఆకలీ ఉన్న మనుషులు! ఒక సంవత్సరం ఇంకో సంవత్సరంలోకి ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, ఈ బండి ఇంజను నూనె కారినట్టు. పైగా ఈ నట్లలో ఎడమవైపువి వేరు, కుడివైపువి వేరు, మర వ్యతిరేకం. ఎడమ డబ్బాలో కొత్తవి అయిపోతే కుడిది తెచ్చి పెట్టలేరు. ఆ మూలన పాత డబ్బా అడుగున చెవుల నట్టు ఒకటి మిగిలి ఉంటుంది, తీసి బిగించి పంపేసి ఉంటారు. ఉంటారు, ఉంటుంది. అన్నీ ఉంటాయిలే, రుజువేది? బావ అడిగేది అదే. టైర్ల దుకాణంవాడు చచ్చి స్వర్గంలో ఉన్నాడు, అక్కడ కూడా టైర్లు మారుస్తున్నాడేమో. తను అక్క చెల్లెలు కాబట్టి అక్క మాట నమ్ముతోందా? నిజంగా నమ్ముతోందా? ఎంతమంది ఆడవాళ్ళు, ఎంతమంది మగవాళ్ళు ఈ షెడ్డుకొచ్చి ఒట్టేసి చెప్పలేదు, ఇది మా నాన్న కొన్నప్పటి సీటేనమ్మా అని, విప్పితే నిన్నటి స్పాంజి. మనిషి జ్ఞాపకం కూడా పాత సీటే, పైన ఎన్నో తొడుగులు.

పోనీ కొట్టేస్తే? ఒక్క దెబ్బ. చెవి తిరుగుతుంది, నట్టు ఊడుతుంది, గుండుది ఎక్కుతుంది, రేపు ప్రదర్శనలో బావ తల ఎత్తుకుంటాడు, బండికి బహుమతి వస్తుంది, పాత నట్టును కడిగి అక్కకు ఇవ్వొచ్చు, పేపర్ల మీద బరువుకు పెట్టుకోవే అని. ఇలాగే కదా మొదలయ్యేది. క్లబ్బులో ఒకాయన బండి నుంచి పీకిన స్టీరింగు చక్రం ఇప్పుడు వాళ్ళ గోడకు గడియారం అయింది. ఇంకొకడి ఇంట్లో బండితో పుట్టిన దీపం తలుపుకు అడ్డం. ఊరినిండా అసలైన ముక్కలు తలుపులు కాస్తున్నాయి, బండ్లలో పుస్తకాలు తిరుగుతున్నాయి. అక్క ఆ బండి ఎక్కదు. అది మాత్రం ఖాయం. చెప్పిందంటే చేస్తుంది. తలకు రుమాలు కట్టుకుని, పెదవులు బిగించి, గేరు మార్చేటప్పుడు నాలుక కొన కొరుక్కుని నడిపే అక్కను ఇక చూడలేం. చూడలేం అనుకోగానే చేతిలో సుత్తి బరువెక్కింది. ఛీ, నేను కొట్టను. ఆయన్నే కొట్టుకోమంటాను. ఆయన పుస్తకం, ఆయన నట్టు, ఆయన పెళ్ళాం, అనుకుంటూ దబ్బనం విసురుగా లేచింది, లేచి పక్కకు తిరిగింది.

అమ్మా!

సుత్తి ఒకవైపు, కొత్త నట్టు ఒకవైపు దొర్లాయి. కాలు పట్టుకుని ఒంటికాలి మీద షెడ్డంతా గెంతింది, తిట్టని దేవుడు లేడు. చెవి! పక్కకు సాచిన చెవి తిన్నగా మోకాలికి జానెడు కింద ఎముకకు తగిలింది, చీర కుచ్చిళ్ళు అడ్డమున్నాయి కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే చీరేసేది. పీట మీద కూలబడి కుచ్చిళ్ళు ఎత్తి చూసుకుంది. ఎర్రటి గీత, వంకర తిరిగి, గోరు కత్తిరించి పారేసిన ముక్కలా. ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ ఉంది. ఊదడం ఆగిపోయింది. గోరు ముక్క. వంకర తిరిగిన గోరు ముక్క. ఎక్కడ చూసింది దీన్ని? మోకాలికి జానెడు కింద, పక్కగా, తెల్లబడి, పాతబడి. ప్రతి పెళ్ళిలోనూ చూసింది! భోజనాలయ్యాక పందిట్లో కుర్చీ మీద కాలు పెట్టి, ఇదిగో ఇది మా ఆవిడ నామీద వేసిన మొదటి ముద్రర్రా అని పిల్లలందరికీ చూపించే కాలు! ఎడమ కాలు. బండి ముందు నుంచి వచ్చాడు, మెడ తిప్పుకుని బండి దాటాడు, ఎడమ పక్కన బండి, ఫుట్‌పాత్ వైపు వెనక చక్రం. ఉన్నట్టుండి మనిషి లేడు. దేనికి గుద్దుకున్నావు బావా అని ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ప్రేమకు గుద్దుకున్నాడని అందరూ చప్పట్లు కొట్టారు. గుండు నట్టుకు గుద్దుకుంటే కమిలిపోతుంది, చీరుకుపోదు. దారిన పోయేవాళ్ళ కాళ్ళు చీరేస్తున్నాయనే కదయ్యా చట్టం చేసి చెవులు కోశారు! ఏ చట్టం పుస్తకంలో చదివి ఊరందరికీ చెప్పాడో, ఆ చట్టం ఎందుకొచ్చిందో ఆయన కాలి మీదే రాసి ఉంది. బండి కొన్న రోజు. షోరూము నుంచి వచ్చిన రోజు. ఏ టైర్ల దుకాణం గుమ్మమూ తొక్కని రోజు. దబ్బనానికి నవ్వు తన్నుకొచ్చింది. కాలు మంట, నవ్వు, కళ్ళలో నీళ్ళు, ఏది దేనికో తెలీదు. వందల కళ్ళకు అద్దాలు పెట్టిన మనిషి, ప్రతి ఉదయం మేజోడు తొడుక్కుంటూ చూస్తున్న మచ్చ. అక్క మాట అబద్ధమట, దానికి సాక్ష్యం తన కాలి మీదే!

గుమ్మంలో గొడుగు మూసుకున్న చప్పుడు.

"ఏమోయ్ దబ్బనం, అయిందా?"

"కాలేదు. ప్యాంటు పైకెత్తు బావా."

"ఏంటే?"

"ఎడమ కాలు. ఇలా రా, ఈ చక్రం పక్కన నిలబడు. ఫోటోలో నిలబడతావే, అలా."

"వయసొచ్చింది, మరదలి సరసాలు తగ్గలేదు," అని గొణుగుతూనే వచ్చాడు, కింద దొర్లిన కొత్త నట్టు చూసి ముఖం మాడ్చుకున్నాడు. "దాన్ని మట్టిలో పడేశావేంటి? మార్చలేదా? పొద్దున్నే పరీక్షకులు..."

"ప్యాంటు ఎత్తుతావా, నన్ను ఎత్తమంటావా?"

ఎత్తాడు. మేజోడు కిందికి లాగింది దబ్బనం. పాత మచ్చను చెవి అంచుకు ఆనించింది. మూత గిన్నెకు పట్టినట్టు పట్టింది. ఆ పక్కనే తన కుచ్చిళ్ళు కాస్త ఎత్తి ఎర్రటి కొత్త గీత చూపించింది. చెప్పాల్సిన పని లేదు, ఆయనకు బండ్లు తెలుసు. చక్రాన్ని చూశాడు, కాలిని చూసుకున్నాడు, కళ్ళజోడు తీసి చొక్కాకు తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశాడు. వంగి, ఆ చెవిని వేలితో తడిమాడు, పసిపిల్ల చెవి తడిమినట్టు.

"మొదటి రోజే," అన్నాడు. "అప్పుడే ఉంది."

"అప్పుడే ఉంది."

"మీ అక్క చెబుతూనే ఉంది కదా."

"చెబుతూనే ఉంది."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది, కాదు, నవ్వుతున్నాడు, లోపలి నుంచి, కుళాయిలోకి గాలి వచ్చినట్టు. "అయితే పుస్తకంలో ఈ సంవత్సరానికి..." అని అలవాటు కొద్దీ మొదలెట్టాడు.

"నీ పుస్తకం నా మిషను కాలి కింద పెట్టు, ఊగుతోంది. విను బావా. ఈ నట్టు ఎవడూ ముట్టుకోడు. రేపు ప్రదర్శనలో, మీ పెద్దమనుషులందరి ముందు, ఈ చక్రం పక్కన నిలబడి నువ్వే ప్యాంటు ఎత్తి చూపించాలి. గడియారాలైన స్టీరింగులు, తలుపులకు అడ్డం పెట్టిన దీపాలు, మీరు పీకినవన్నీ ఎవరి బండివి వాళ్ళ బండికి తెచ్చి బిగించాలి. పీకే ముందు నడిపినవాళ్ళను అడగాలి, కొన్నవాళ్ళను అడగాలి, అదే మీ పుస్తకంలో మొదటి పేజీ కావాలి. అదంతా రేపు. ఇప్పుడు మాత్రం తిన్నగా ఇంటికెళ్ళి, గోడతో కాదు, అక్కతో చెప్పు, నీ మాటే నిజమని."

"వాన తగ్గనీ, వెళ్తాను."

"తగ్గేదాకా ఆగొద్దు. ఇప్పుడే వెళ్ళు. ఆ గొడుగు ఇక్కడ పెట్టు. తడిసి వెళ్తే తలుపు తొందరగా తీస్తుంది."